నగరపు నీటి అంచు, దానిపై ఆకాశము
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు ఈ సభలో నన్ను మాటలాడుమని కోరినపుడు, పోతన కవిత్వమును గూర్చియో క్షేత్రయ్య పదములను గూర్చియో చెప్పుమందురని భయపడితిని. ఆ విషయములలో నాకంటె తెలిసినవారు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు. వారు దయతలచి, "మీరు జీవితమంతయు పటములు గీచినవారు కదా! తక్కువ ఎత్తున ఎగురు యంత్రములు వచ్చి నగరముల తీరప్రాంతములను ఎట్లు మార్చుచున్నవో, పిల్లలకు కూడ తెలియునట్లు చెప్పుడు" అనిరి. ఒప్పుకొంటిని.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమున ముప్పది రెండేండ్లు నేను చేసిన పని కట్టడముల ప్లానులు గీయుట. ఒకమారు ఉద్యోగుల వసతి గృహములకై ఏడంతస్తుల ప్లానును ఆరు మాసములు శ్రమించి సిద్ధము చేసితిమి. అది కార్యాలయముల చుట్టు తిరిగి తిరిగి, పై రెండంతస్తుల మీద ఎర్రసిరా గీతతో మా బల్లమీదికి వచ్చినది. నేల మనదే, పునాది గట్టిదే, సొమ్ము మంజూరైనదే. కాని ఆ రెండంతస్తులు విమానముల దారికి అడ్డు వచ్చునట! ఎనిమిది కుటుంబములకు ఇండ్లు లేకపోయినవి. వారిలో ఒకరు నా ప్రక్క బల్లవారే యగుటచేత ఆ సంగతి నేటికిని మరువలేదు. మేము గీయని కప్పొకటి ప్రతి స్థలము మీదను కలదని ఆ దినమున నాకు తెలిసినది.

పెద్ద విమానాశ్రయముల చుట్టును సుమారు 4 కిలోమీటర్ల మేర, 45 మీటర్ల ఎత్తున, కంటికి కనపడని చదునైన కప్పు ఒకటి ఉండును. రన్‌వే చివరలయందు అది నేలవైపు వాలుచు వచ్చును. దానిని దాటి ఏ మేడయు లేవరాదు. ఇది చాలకాలముగా నున్న నియమమే. ఇపుడు క్రొత్త సంగతి యేమనగా, ఒకటి రెండు విమానాశ్రయములకే పరిమితమైన ఈ కప్పు, హెలికాప్టర్లు, విద్యుత్తుతో ఎగురు చిన్న విమానములు, నీటి విమానములు, డ్రోనులు వచ్చుటతో నగరపు నడిబొడ్డునకు, అందులోను ముఖ్యముగా నీటి అంచునకు వ్యాపించుచున్నది.

నీటి అంచే యేల? దానికి సమాధానము మన ముంబాయిలోనే కలదు. మనలో చాలమంది ఆదివారము సాయంకాలము పిల్లలను జుహూ బీచికి తీసికొనిపోవుదుము. దానిని ఆనుకొనియే 1928లో ఏర్పడిన విమాన మైదానము కలదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు కరాచీ నుండి తపాలా సంచులతో చిన్న విమానమును తామే నడుపుకొని వచ్చి దిగినది ఇచ్చటనే. అది మెరక మైదానము కాదు, బురదనేల. వానకాలమున దిగుటకు వీలుపడక ఆ విమానములను పూనాకు తరలించెడివారు. అట్టి నేలను ఎంచుకొనుటకు కారణము సులభము: అపుడది ఎవ్వరికిని అక్కరలేని చోటు, ఒకవైపు సముద్రము, ఎదురుగా కొట్టుకొనుటకు గోడ లేదు. నేడు దాని చుట్టును వేలకొలది ఇండ్లు కలవు. సముద్రములోని బొంబాయి హై చమురు వేదికలకు పనివారిని చేరవేయు హెలికాప్టర్లు ఇచ్చటినుండియే లేచును. కూలుటకు సిద్ధముగా నున్న పాత ఇండ్లను పడగొట్టి క్రొత్తవి కట్టుకొనదలచినవారు ఆ కంటికి కనపడని కప్పును చూచి ఆగవలసి వచ్చుచున్నది. ఎవ్వరికిని అక్కరలేదని విమానమునకు ఇచ్చిన తీరము, తరువాత అందరికిని కావలసినదైనది.

ఈ కథ పూర్తిగా, మొదటినుండి చివరివరకు నడచిన నగరము న్యూయార్కు. కావున మిమ్ములను కొంతసేపు అచ్చటికి తీసికొనిపోవుదును.

ఆ నగరమునందలి మన్‌హాటన్ అనునది ఒక సన్నని ద్వీపము. పడమట హడ్సన్ నది, తూర్పున ఈస్ట్ రివర్. 1953 నుండియే అచ్చట హెలికాప్టరులో ప్రయాణికులను చేరవేయు సర్వీసు కలదు. 1965లో పాన్ అమెరికన్ సంస్థ మేడపైననే, అనగా 59 అంతస్తుల మీదనే, హెలికాప్టరు దిగు ఏర్పాటు చేసిరి. నగరము నడుమ మేడ మీద ఎక్కి నిమిషములలో విమానాశ్రయమున దిగవచ్చును! అది 1968లో ఆగి, 1977 ఫిబ్రవరిలో మరల మొదలైనది. అదే సంవత్సరము మే 16న ఆ మేడపై నిలిచియున్న హెలికాప్టరు కాలు విరిగి ప్రక్కకు ఒరిగినది; రెక్క ముక్కలైనది. మేడపై నలుగురు మరణించిరి. రెక్క ముక్కయొకటి అంత ఎత్తునుండి క్రింద వీధిలో పడి, దారిని పోవుచున్న ఒక స్త్రీని చంపినది. ఆమెకు ఆ హెలికాప్టరుతో ఏ సంబంధమును లేదు. మేడపై హెలిపోర్టు ఆనాటితో మూతపడినది.

మిగిలినవి నీటి అంచున నున్నవి: 30వ వీధి చివర హడ్సన్ ఒడ్డున 1956లో వెలసినది, ద్వీపపు దక్షిణ కొసన ఆరవ నంబరు రేవుకట్టపై 1960లో వెలసినది, తూర్పున 34వ వీధివద్ద 1972లో వెలసినది. ఇట్లు నీటిని కోరుటకు యంత్రశాస్త్ర కారణము కూడ కలదు. హెలికాప్టరు ఇంజను ఆగిపోయినను అది రాయివలె పడదు. క్రిందినుండి వచ్చు గాలికి రెక్కలు తిరుగుచుండగా నేర్పరియైన పైలటు దానిని వాలుగా దింపగలడు. కాని దిగుటకు ఖాళీచోటు కావలెను. మేడల అడవిలో అట్టి ఖాళీ నది ఒక్కటియే. లండనులో 1955లో వాటర్లూ దగ్గరినుండి హీత్రో విమానాశ్రయమునకు నడచిన హెలికాప్టర్లకు, అవసరమైనచో థేమ్సు నీటిపై నిలుచుటకై అడుగున తేలు బుడ్డలు కట్టిరి. నేటికిని ఆ నగరమున ఒకే ఇంజను గల హెలికాప్టర్లు థేమ్సు నది వెంబడియే పోవలెనని నియమము. ఈ విధముగా నది, ఎవ్వరును పునాది త్రవ్వకయే, ఆకాశమందలి రాజమార్గమైనది.

ఆ రోజులలో దీనిని ఎవ్వరును అంతగా ఆక్షేపింపలేదు. ఏలయనగా ఒడ్డున మనుష్యులు లేరు. గిడ్డంగులు, రేవుకట్టలు, ఓడలు, కూలీలు, ఎలుకలు. పెట్టెలలో సరకు నింపి ఓడల కెక్కించు కంటైనరు పద్ధతి 1956లో పుట్టి, ఓడలన్నియు నదికావలనున్న న్యూజెర్సీ రేవులకు తరలిపోగా మన్‌హాటన్ రేవుకట్టలు కుళ్లిపోసాగినవి. 1973లో హడ్సన్ ఒడ్డున నున్న ఎత్తైన రహదారి ఒకచోట కూలినది. కూలిన చోట పడిపోయిన లారీ, ఆ రహదారి మరమ్మతుకే తారు మోసికొనిపోవుచుండెనట! మన మరమ్మతు శాఖవారు ఇచ్చట నున్నచో క్షమింపవలెను.

పిమ్మట కాలము మారినది. సుదీర్ఘమైన పోరాటముల తరువాత 1998లో ఒక చట్టము ద్వారా హడ్సన్ ఒడ్డును సుమారు 4 మైళ్ల పొడవున ఉద్యానవనముగా మార్చుటకు నిర్ణయించిరి. కుళ్లిన రేవుకట్టలపై పచ్చిక మొలచినది. పసిపిల్లల బండ్లు, ముసలివారి బల్లలు, సైకిళ్లు వచ్చినవి. ఇరుకు గదులలో నివసించు ఆ నగరవాసులకు ఆకాశమును అడ్డులేకుండ చూచుటకు దొరకిన చోటు అదియొక్కటే. అపుడు వారు తలయెత్తి చూడగా అచ్చట హెలికాప్టర్లున్నవి. వానిలో ఎక్కువ భాగము రోగులను మోయునవి కావు, పోలీసులవి కావు. నగరమును పైనుండి చూడదలచిన యాత్రికులవి.

ఎన్నియో తెలిసికొనినచో ఆశ్చర్యపడుదురు. 2016 నాటికి దక్షిణ కొసనున్న ఆ హెలిపోర్టునుండి ఏడాదికి సుమారు 60,000 విహారయాత్రలు లేచుచుండెను. సెలవు లేకుండ దినమునకు పది గంటల చొప్పున లెక్కించినచో నాలుగు నిమిషముల కొకటి. ఆ యేట నగరపాలకులు ఆ వ్యాపారులతో ఒప్పందము చేసికొని, 2017 జనవరి నాటికి ఆ సంఖ్యను సగమునకు తగ్గించి, ఆదివారములందు యాత్రలు మాన్పించిరి. హడ్సన్ ఒడ్డుననున్న 30వ వీధి హెలిపోర్టులో విహారయాత్రలు అంతకుముందే, ఉద్యానవన ప్రేమికులు న్యాయస్థానమునకు పోయిన పిదప కుదిరిన ఒడంబడిక ప్రకారము 2010లో ఆగిపోయినవి. ఆ హెలిపోర్టు మాత్రము నడకబాటకును నీటికిని నడుమ నిలిచియే యున్నందున, ఆ మేరకు పాదచారికి నది అందదు. వినోదమునకు ఎగురువారు కొందరు. ఒడ్డున కూర్చుండి ఆ చప్పుడును వినువారు వేలమంది. ఎగురువాడు రుసుము చెల్లించును. వినువాని మౌనమునకు మాత్రము వెలకట్టు గుమాస్తా ఏ కార్యాలయమునను లేడు.

ప్రమాదముల మాట కూడ చెప్పవలెను. 2009 ఆగస్టు 8న హడ్సన్ పైన ఒక చిన్న విమానమును విహార హెలికాప్టరును ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. అంతవరకు ఆ నదిపై పైలటులు ఒకరినొకరు కంటితో చూచుకొని తప్పుకొనుటయే ప్రధానాధారము. ఆ తరువాత నియమములను బిగించిరి. 1,300 అడుగుల లోపల ఎగురు వారిలో ఉత్తరమునకు పోవువారు తూర్పుటొడ్డు వెంబడి, దక్షిణమునకు పోవువారు పడమటి యొడ్డు వెంబడి పోవలెను. నదిని దాటిపోవు ప్రయాణపు విమానములు 1,000 అడుగులకు పైన, ఒడ్డున దిగి లేచునవి దానికి క్రింద. అనగా నదికి రెండు వరుసలు, రెండు అంతస్తులు వచ్చినవి. మేడకు గీచినట్లు గాలికి ప్లాను గీచిరన్నమాట! కాని తొమ్మిది ప్రాణములు పోయిన తరువాత. అంతటితోను ఆగలేదు. 2025 ఏప్రిల్ 10న అదే నదిలో విహార హెలికాప్టరు ఒకటి గాలిలోనే విరిగి పడగా ఆరుగురు మరణించిరి. వారిలో ముగ్గురు చిన్నపిల్లలు.

ఆ నదియే ప్రాణములను కాపాడిన కథ కూడ కలదు. 2009 జనవరి 15న పక్షుల దెబ్బకు రెండు ఇంజన్లు చెడిన పెద్ద విమానమొకటి హడ్సన్ నీటిపై వాలినది. అందలి 155 మందియు బ్రతికిరి. పైలటు నేర్పును లోకమంతయు కొనియాడినది, న్యాయమే. కాని నా వృత్తిలోనివారు గమనించిన సంగతి వేరొకటి. ఆ చోటికి దగ్గరలో, 39వ వీధివద్ద, నదిని దాటించు పడవల రేవు కలదు. మొదటి పడవ కొద్ది నిమిషములలో విమానము రెక్క దగ్గరకు చేరినది. జనవరి చలిలో ఆ నీటిలో మనుష్యుడు ఎంతోసేపు నిలువలేడు. ఒడ్డున ఆ పడవల రేవు తీసివేసి భోజనశాల కట్టియుండినచో ఏమగునో ఊహించుడు. ఆకాశమునకు నదిని దారిగా ఇచ్చిన నగరము ఒడ్డున పడవలను కూడ ఉంచవలెను.

మరొక సంగతి లండనుది. 2013 జనవరి 16న పొగమంచులో బాటర్‌సీ హెలిపోర్టులో దిగదలచిన హెలికాప్టరొకటి, థేమ్సు ఒడ్డున కట్టుచున్న ఎత్తైన మేడమీది క్రేనును కొట్టుకొని కూలినది. పైలటును, వీధిలో నడచుచున్న ఒకరును మరణించిరి. నది విమానమునకు దారి యన్నారు. నది కనపడు గదికి ఎక్కువ ధర పలుకునని అదే నది ఒడ్డున ఆకాశమంటు మేడలకు అనుమతి నిచ్చినారు. రెండును ఒకే గాలిలో సంధించినవి.

ఇంక క్రొత్త యంత్రముల సంగతి. బ్యాటరీతో నడచుచు, నిలువుగా లేచి నిలువుగా దిగు చిన్న విమానములు వచ్చుచున్నవి. వాని చప్పుడు హెలికాప్టరు చప్పుడులో వెయ్యవ వంతు కూడ ఉండదని వ్యాపారులు చెప్పుదురు. వ్యాపారి మాటను కొంత తగ్గించి వినుట మనకు అలవాటే. అయినను అమెరికాలో ఒక సంస్థ నాసా సహకారముతో కొలిపించగా, 500 మీటర్ల ఎత్తున పోవునపుడు నేలపై 45 డెసిబెళ్లే వినవచ్చినదని ప్రకటించిరి. ఇది సామాన్య సంభాషణకంటె తక్కువ. దిగునపుడు, లేచునపుడు ఎంత యను ప్రశ్న వేరు. ఒడ్డున కూర్చుండువానికి కావలసినది ఆ లెక్కయే. 2023 నవంబరులో అట్టి యంత్రమును మన్‌హాటన్ దక్షిణ కొసన ఎగురవేసి చూపిరి. అదే సమయమున ఆ హెలిపోర్టుకు విద్యుత్తు హంగులు కల్పించుటతోపాటు, అదే రేవుకట్టను పడవలలో సరకులు దింపుటకు కూడ వాడవలెనని నగరపాలకులు తలపెట్టిరి. నాకు ఇది మంచి ఆలోచనగా తోచినది. రేవుకట్ట మరల రేవుకట్ట కాదలచుచున్నది!

చైనాలో ఈ పని మరింత వేగముగా సాగుచున్నది. తక్కువ ఎత్తు ఆకాశమును వారు ఒక పరిశ్రమగానే ఎంచి, షెన్‌జెన్ నగరమున దానికై ప్రత్యేక నిబంధనలను 2024 ఫిబ్రవరి 1 నుండి అమలుపరచిరి. ఆ నెల 27న ఒక విద్యుత్ విమానము, ప్రయాణికులు లేకుండ, షెన్‌జెన్ ఓడల రేవునుండి అఖాతమును దాటి జుహాయ్ పడవల రేవునకు 20 నిమిషములలో చేరినది. అపుడు బండిలో చుట్టుదారిన పోయినచో రెండు గంటలు దాటెడిది. గమనింపుడు: రెండు కొసలును పాత రేవులే. క్రొత్త యంత్రము క్రొత్త చోటు వెదకలేదు.

మన దేశమునకు వత్తము. 2017 డిసెంబరులో మన గిరగామ్ చౌపాటీ నీటిపై ఒక నీటి విమానమును దింపి చూపిరి. మరి మూడు దినములకు అహమ్మదాబాదులో ప్రధానమంత్రి సబర్మతి నుండి ధరోయి జలాశయమునకు నీటి విమానమున పోయిరి. 2020 అక్టోబరు 31న సబర్మతి తీరమునుండి కేవడియాకు టిక్కెట్లపై సర్వీసు మొదలైనది. దానికై కేవడియా మడుగులోని మొసళ్లను అంతకుముందే పట్టి వేరొక చోటికి తరలించిరి. మొసళ్లు పోయినవి, 2021 ఏప్రిల్ తరువాత విమానమును పోయినది. సబర్మతి ఒడ్డు వేలకొలది పేద కుటుంబములను తరలించి కట్టిన ఒడ్డు. అట్టి చోట ఒక దిగుడు వేదిక కట్టునపుడు, అది పనిచేయు దినములెన్ని, పనిచేయని దినములందు ఆ మెట్లు ఎవరివి యను లెక్కను ముందే వ్రాసికొనవలసియుండెను.

ఇపుడు మన కృష్ణ. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాటు దగ్గర, ప్రకాశం బ్యారేజి ఎగువనున్న నీటిపైనుండి ఒక ట్విన్ ఆటర్ విమానము లేచి శ్రీశైలమునకు పోయినది. ముఖ్యమంత్రిగారును, కేంద్ర విమానయాన మంత్రిగారును అందులో పయనించిరి. అది ప్రదర్శన యాత్ర. టీవీలో చూచుచు నేనును సంతోషించితిని; మా ఊరి నీటిపై విమానము వాలినపుడు సంతోషింపనివాడెవడు? కాని పటములు గీచిన చేయి ఊరకుండదు కదా! ఒక కాగితము తీసికొని ఆ ఒడ్డును గీయ మొదలిడితిని.

అంతకు డెబ్బది దినములకు ముందు, సెప్టెంబరు మొదటి తేదీలలో, ఆ బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయినది. 1957లో కట్టిననాటి నుండి అంత నీరు అది చూడలేదు. ఎగువ కట్టియుంచిన భారీ పడవలు త్రాళ్లు తెంచుకొని వచ్చి గేట్లను ఢీకొనినవి. ప్రక్కననే బుడమేరు పొంగి నగరమున సగము మునిగినది. ఆనాడు మేడలపై చిక్కినవారికి అన్నపు పొట్లములను, నీటి సీసాలను చేర్చినవి హెలికాప్టర్లును డ్రోనులును. నా దృష్టిలో తక్కువ ఎత్తు విమానయానమునకు మొదటి హక్కు ఆ పనికే కలదు, రోగులకు రెండవది, శ్రీశైల యాత్ర తరువాతి మాట. ఒడ్డున దిగు వేదిక కట్టదలచినచో, వరదనాడు పనికివచ్చు ఎత్తున, అంబులెన్సు దారి ప్రక్కన కట్టవలెను గాని, హోటలు ముందట కాదు.

నా కాగితముపై ఇంకను కొన్ని గుర్తులు పెట్టితిని. భవానీపురము వైపున జాలరుల పడవలు ఎచ్చట కట్టుదురు? నీటి విమానమునకు నిడుపైన, అడ్డులేని నీరు కావలెను. ఆ మేర వలలు వేయరాదని రేపొక ఉత్తరువు వచ్చినచో వారి దినకూలి ఎవరు భరింతురు? త్రాడు తెగిన పడవ ఒక్కటి విమానము అడుగును చీల్చుటకు చాలును. పడవల లంగరుకు ఏ కార్యాలయము పూచీ? దిగుదారికి ఎదురుగా ఒడ్డున లేవబోవు మేడల ఎత్తును ఇప్పుడే నిర్ణయింతుమా, లేక ఎనిమిది కుటుంబముల పాట్లు అచ్చటి వారును పడవలెనా? నీటిని వెదకు కొంగలు ఏ వేళ ఎటు ఎగురును? ఇవన్నియు మున్సిపల్ ప్లానులో ఒకే కాగితముపై ఉండవలెను. ఇప్పటి ఆచారమున నేల ఒక శాఖది, నీరు ఇంకొక శాఖది, గాలి ఢిల్లీది. మూడు ఫైళ్లు ఒక బల్లమీద కలిసికొనుట ఎంత కష్టమో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు.

కాగితము మూల ఒక తేదీ కూడ వ్రాసికొంటిని. 2016లో కృష్ణా పుష్కరములు జరిగినవి. మరల 2028లో వచ్చును. పున్నమి ఘాటులో ఆ పండ్రెండు దినములు లక్షలమంది నీటిలో దిగుదురు. మీలో చాలమంది సెలవు పెట్టి పోవుదురు, నేనును పోవుదును. ఆ దినములలో ఆ నీటిపై విమానము దిగవచ్చునా, దిగరాదా, దిగరాదన్నచో ఆ ఉత్తరువుపై సంతకము పెట్టవలసిన అధికారి ఎవరు? మా అన్నగారి కుమారుడు విజయవాడ మున్సిపల్ కార్యాలయముననే పనిచేయుచున్నాడు. వానికి ఉత్తరము వ్రాసితిని. "చిన్నాన్నా, కనుగొని చెప్పెదను" అన్నాడు. ఇంకను జవాబు రాలేదు.

పిల్లల నాటకమునకు తెర సిద్ధమైనదని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు.